తొమ్మిది గంటల మాత్ర

పోయిన వారం కత్తెరక్కని ఆస్పత్రి వరండాలో ఇనప బల్ల మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒళ్ళో సంచి, సంచిలో ముంజేతి దగ్గర తెగిన చొక్కా చెయ్యి ఒకటి. కోపం సంగతి సరేసరి.

ఈ వారమే మొదలుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం. ఈవిడ యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. నడుముకి ఎప్పుడూ కత్తెర వేలాడుతుంటుంది గనక కత్తెరక్క. అరవై పొరల తెల్లబట్టని ఒకదాని మీద ఒకటి పరిచి, పైన గీసిన గీత వెంట కరెంటు కత్తి నడిపి డాక్టర్ల కోట్లు కోస్తుంది. ఎదురుగా నిలబడి ఆ పొరలు పరిచేదీ, కత్తి నడుస్తున్నప్పుడు బట్ట జరగకుండా అరచేతులతో అదిమి పట్టేదీ సొంత తమ్ముడి పెళ్ళాం. సోమవారం పొద్దున పదకొండింటికి కత్తెరక్కకి రెప్ప పడింది. ఒక్క క్షణం. కత్తి గీత వదిలి మరదలి చేతి మీదికి పోయింది. చొక్కా చెయ్యి తెగింది, అసలు చెయ్యి దక్కింది. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చి కత్తెరక్క ఎర్రటి కళ్ళు చూసి, "తాగి వచ్చావు" అన్నాడు. ఒంట్లో బాగానే ఉందని గురువారానికల్లా డాక్టర్ కాయితం తెస్తే సరి, లేకపోతే కత్తి ఇంకొకళ్ళకి ఇచ్చి నిన్ను దారాలు కత్తిరించే మూలకి పంపుతానన్నాడు. ఇవాళ బుధవారం.

ఆ కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయో చెప్పే వీలుంటే ఆవిడ చెప్పేదే. హెచ్‌ఐవి ఉందని తేలి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళూ ఒక్క పూట మానకుండా మందు వేసుకుంది. ఏడాదిన్నరగా మాత్రం కంటినిండా నిద్రపోలేదు. జబ్బు ఎలా వచ్చిందని మీరు అడగబోతున్నారు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. మలేరియా వచ్చినవాణ్ణి ఏ దోమ కుట్టిందని నిలదీయం కదా.

తలుపు తెరుచుకుంది. ముప్ఫై రెండో నంబరు అన్నారు. కత్తెరక్క లేచింది.

ఆ గదిలో పదేళ్ళు కూర్చున్న పెద్ద డాక్టరు పోయిన నెల రిటైరయ్యాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది కొత్త డాక్టరమ్మ. వయసు ముప్ఫై దాటి ఉండదు. తెల్లకోటు భుజాల దగ్గర వదులుగా ఉంది. కత్తెరక్క కోసిన కోటే అయి ఉండొచ్చు.

"కూర్చోండమ్మా. చెప్పండి."

"నిద్ర పట్టదు. నాకో కాయితం కావాలి."

డాక్టరమ్మ ఫైలు తెరిచింది. ఇక్కడ ఆ పిల్లకి తెలియని సంగతి ఒకటుంది. కటింగ్ మాస్టర్లు బల్లకి ఇవతల నిలబడి, అవతలి వైపు నుంచి గీసిన గీతలూ అంకెలూ చదువుతారు. ఇరవై ఏళ్ళుగా అదే పని. తలకిందుల రాత కత్తెరక్కకి తిన్నటి రాతకంటే తేలిక. డాక్టరమ్మ తన పాటికి తాను పేజీలు తిప్పుతోంది, ఈవిడ ఈ పక్కన కూర్చుని తన ఫైలు తానే చదువుకుంటోంది.

"నిద్ర లేదంటోంది. ఆందోళన. ధైర్యం చెప్పి పంపాను."

పేజీ తిరిగింది.

"నిద్ర లేదంటోంది. ఆందోళన. ధైర్యం చెప్పి పంపాను."

మళ్ళీ తిరిగింది. ఈసారి ఆయనకి రాసే ఓపిక కూడా లేనట్టుంది. "నిద్ర. ఆందోళన. మామూలే."

కత్తెరక్కకి ఒళ్ళు మండిపోయింది.

"ఇంకో రెండు పేజీలు తిప్పండి డాక్టరమ్మా. ఇంకో రెండుసార్లు ఉంటుంది ఆ మాట."

డాక్టరమ్మ తలెత్తింది. "అక్కణ్ణుంచి చదువుతున్నారా?"

"చదువుతున్నా. అయిదుసార్లు వచ్చా, అయిదుసార్లూ నిద్ర లేదని మొత్తుకున్నా. రాత్రి పడుకుంటే ఒళ్ళంతా చచ్చుబడి ఉంటుంది, కళ్ళు మాత్రం దీపాల్లా వెలుగుతుంటాయని చెప్పా. తెల్లారగట్ట ఎప్పుడో కునుకు పడుతుంది, అదీ ఊపిరాడక గిలగిల్లాడుతూ లేస్తానని చెప్పా. బరువు పెరిగానని చెప్పా. పగలు నిలబడి నిలబడే తూలుతున్నానని చెప్పా. నేను ఇన్ని మాటలు చెబితే ఆయన రాసింది ఒక్కటే మాట. నాకేం ఆందోళనండీ? ఈ జబ్బుతో పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్నా. దానికి నేను అలవాటు, నాకది అలవాటు. నిద్ర రాకపోవడం ఒక్కటే నాకున్న ఆందోళన. అదేమో ఆయనకి కనపడలేదు."

"మీకు గురక ఉందా?"

"నాకేం తెలుసు, నేను నిద్రపోతే కదా." అని, కాస్త తగ్గి, "మా మరదలు గోడ అవతల నుంచి వింటుంది. ఉన్నట్టుండి గురక ఆగిపోతుందట. పోయానేమోనని రెండుసార్లు లేచొచ్చి చూసిందట" అంది.

డాక్టరమ్మ కలం పట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. ఆందోళన అని రాయలేదు, కత్తెరక్క చూస్తూనే ఉంది. రక్తపోటు చూసింది. ఎక్కువుంది. రెండోసారి చూసింది. అప్పుడూ ఎక్కువే ఉంది. మెడ కొలవాలంటూ సొరుగులో టేపు కోసం వెతికింది, కనపడలేదు. కత్తెరక్క సంచిలోంచి తన టేపు తీసి, తన మెడ తనే కొలుచుకుని, "పదహారున్నర" అంది. చొక్కా కాలరు కొలత చెప్పినట్టే చెప్పింది. డాక్టరమ్మకి నవ్వొచ్చినట్టుంది, ఆపుకుంది.

"చూడండమ్మా, ఈ జబ్బున్నవాళ్ళలో సగానికి పైగా నిద్ర సరిగ్గా లేనివాళ్ళే. అది మనోవ్యాధి అని కొట్టిపారెయ్యకూడదు. నిద్ర చెడితే రక్తపోటు పెరుగుతుంది, షుగరు వస్తుంది, గుండె మీద భారం పడుతుంది. మీకు నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండొచ్చు, దానికో పరీక్ష ఉంది, రాస్తున్నా. ముందు ఒకటి చెప్పండి. మాత్ర ఏ టైంకి వేసుకుంటున్నారు?"

ఈ ప్రశ్నకి కత్తెరక్క వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి గర్వంగా చెప్పుకోదగ్గ విషయం ఏదన్నా ఉంటే అదే.

"రాత్రి తొమ్మిదింటికి. పదకొండేళ్ళుగా అంతే. మా తమ్ముడి పెళ్ళిలో కూడా తొమ్మిదింటికి పక్కకెళ్ళి వేసుకునే వచ్చా. టైం తప్పితే మందు పనిచెయ్యదని మొదటి రోజే చెప్పారు మీవాళ్ళు."

డాక్టరమ్మ కలం ఆగింది.

"ఈ కొత్త మాత్ర కూడా రాత్రి తొమ్మిదింటికేనా?"

"కొత్త మాత్రేమిటి? డబ్బా మారింది గానీ మందు పాతదే కదా."

బయట వరండాలో ముప్ఫై మూడో నంబరు మనిషి దగ్గుతున్నాడు.

"కాదమ్మా. ఏడాదిన్నర కిందట అందరికీ మందు మార్చారు. పాతది తల తిప్పేది, పీడకలలు తెచ్చేది. ఆ తిప్పటమేదో నిద్రలోనే పోతుందని పడుకునే ముందు వేసుకోమనేవాళ్ళం. ఇప్పటిది మంచి మందు. కాకపోతే కొంతమందికి నిద్ర పట్టనివ్వదు. అలాంటివాళ్ళని పొద్దున వేసుకోమంటాం."

"పొద్దునా?"

"అవును, పొద్దున."

ఈ రెండు ముక్కలు ఏడాదిన్నర ముందు ఎవరన్నా చెప్పి ఉంటే. కత్తెరక్కకి ముందు ఏమీ అనిపించలేదు. తర్వాత రాత్రులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గోడ గడియారం చూస్తూ పడుకున్న రాత్రులు, తన ఒంట్లో ఇంకేదో కొత్త రోగం పుట్టిందనీ ఇక రోజులు దగ్గర పడ్డాయనీ అనుకున్న రాత్రులు. నిద్ర పట్టనివ్వని మాత్రని గడియారం చూసి, నీళ్ళు పోసుకుని, తన చేత్తో తనే వేసుకుంది, ఐదు వందల సార్లకి పైగా.

"ఎవరు చెప్పాలండీ నాకిది?" గొంతు పెద్దదైంది. "ఎవరు? ఆ కుర్చీలో కూర్చున్నాయనకి నోరు లేదా? మూడు నెలలకోసారి లైన్లో నిలబెడతారు, నంబరిస్తారు, డబ్బా చేతిలో పెట్టి పొమ్మంటారు. ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగం?"

డాక్టరమ్మ ఫైలు వెనక్కి తిప్పి, ఒక పేజీ దగ్గర ఆగి, అలాగే కత్తెరక్క వైపు తిప్పింది. ఈవిడకి ఆ తిప్పటం అవసరం లేదు గానీ తిప్పింది. పేజీ మధ్యలో ఊదారంగు ముద్ర. "సలహా ఇవ్వడమైనది." దాని కింద కలంతో రాసి ఉంది: మందు మారినది. నిద్రకు ఇబ్బంది కలిగితే ఉదయం వేళకు మార్చుకోవాలని చెప్పి, చీటీ ఇవ్వడమైనది. రోగి రాలేదు. తమ్ముడు తీసుకున్నారు.

ఆ కింద సంతకం. మొదటి అక్షరానికి ముందు మూడు సున్నాలు ఒకదాని మీద ఒకటి చుట్టి ఉన్నాయి, రాగితీగ చుట్ట లాగా. ఆ సంతకం నేర్పింది కత్తెరక్కే. వాడికి పదేళ్ళున్నప్పుడు, పలక మీద.

ఆ నెల ఆవిడకి గుర్తుంది. ఆస్పత్రి కోట్ల ఆర్డరు మీద పడి సెలవు దొరకలేదు, తమ్ముణ్ణి పంపింది. వాడు సాయంత్రం డబ్బా తెచ్చిచ్చి, "కొత్త డబ్బా అక్కా, పాత మందే" అన్నాడు.

అప్పటిదాకా ఆస్పత్రి మీద పోద్దామనుకున్న తిట్లలో సగం తమ్ముడి వైపు తిరిగాయి. అయినా ఆవిడ ఆస్పత్రిని వదల్లేదు, వదలాల్సిన పని కూడా లేదు.

"సరే. వాడికి చెప్పారు, ముద్ర కొట్టారు, చేతులు దులుపుకున్నారు. తర్వాత అయిదుసార్లు నేనే వచ్చానుగా? నా మొహం చూసి, ఏ టైంకి వేసుకుంటున్నావమ్మా అని ఒక్కళ్ళన్నా అడిగారా? మీరు ఇవాళ అడిగారు. అరనిమిషం పట్టలేదు."

"తప్పేనమ్మా" అంది డాక్టరమ్మ. "మా తప్పు."

తప్పు ఒప్పుకున్న డాక్టరుని కత్తెరక్క ఆ రోజే మొదటిసారి చూసింది. ఏం చెయ్యాలో తెలియక, "అయితే కాయితం రాయండి" అంది.

"ఫిట్ అని ఎలా రాయను? ఎలా మార్చుకోవాలో రాసిస్తాను, రేపట్నుంచి పొద్దునే వేసుకోండి. రెండు వారాలు చూద్దాం. ఊపిరి పరీక్ష కూడా అవ్వాలి. అందాకా కత్తి ముట్టుకోవద్దు."

"రెండు వారాలు కత్తి వదిలితే నాకిక కత్తి లేదు. అర్థమవుతోందా మీకు? రేపు సూపర్‌వైజర్ ఆ బల్ల దగ్గర ఇంకొకణ్ణి నిలబెడతాడు. నన్ను దారాల మూలకి తోస్తాడు. కుట్టిన కోట్లకి వేలాడే దారం ముక్కలు కత్తిరించుకోవడానికి నేర్చుకున్నానా నేనీ పని ఇరవై ఏళ్ళు?"

అని సంచిలోంచి ఆ తెగిన చొక్కా చెయ్యి తీసి బల్ల మీద కొట్టింది. తన అవసరం ఎంతటిదో చూపిద్దామనే తీసింది.

డాక్టరమ్మ దాన్ని వేళ్ళతో విప్పి చూసింది. కోత మణికట్టు పక్కనుంచి మోచేతి దాకా పోయింది. ఎక్కడా పీచు లేవకుండా శుభ్రంగా తెగింది, మంచి కత్తి కదా.

"ఇది ఎవరిది?"

"మా మరదలిది."

"నేను కాయితం రాస్తే రేపు ఆవిడ చెయ్యి మళ్ళీ అక్కడే ఉంటుంది కదమ్మా."

కత్తెరక్క మందుచీటీ తీసుకుంది, చొక్కా చెయ్యి సంచిలో కుక్కుకుంది, తలుపు ధడాలున వేసుకుని బయటికొచ్చింది.

ఎర్రటి ఎండ. బస్సు ఎక్కాలన్న ధ్యాస కూడా లేకుండా ఇంటిదాకా నడిచేసింది. దారి పొడుగునా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

తమ్ముడికి ఇంటి ముందు గదే కొట్టు. కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుడతాడు. గది నిండా రాగి వాసన, వార్నిష్ వాసన. బల్లకి బిగించిన చక్రం తిప్పుతూ, వేళ్ళ మధ్య నుంచి తీగ వదులుతూ, చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. వాడికి ఇష్టం లేని మాట ఎవరన్నా ఎత్తితే ఆ లెక్క పైకి చదువుతాడు. పెళ్ళాం సరుకులు తెమ్మన్నా అంతే. చుట్టు తప్పితే మోటారంతా విప్పాలి గనక ఎవరూ కదిలించరు. నిమ్మకి నీరెత్తినట్టు అలా బతుకు వెళ్ళదీస్తున్నాడు మహానుభావుడు.

"ఒరేయ్. ఆస్పత్రి నుంచి వస్తున్నా."

"ఆ" అన్నాడు. "నూట పద్దెనిమిది, నూట పంతొమ్మిది."

"ఏడాదిన్నర కిందట నీకో చీటీ ఇచ్చారట."

చక్రం ఒక్క క్షణం తడబడింది. మళ్ళీ తిరిగింది. "నూట ఇరవై. నూట ఇరవై ఒకటి."

"నిన్నేరా అడిగేది."

"నూట ఇరవై రెండు."

కత్తెరక్క నడుముకున్న కత్తెర తీసి తీగ కత్తిరించేసింది.

చిన్న చప్పుడు, అంతే. తెగిన కొస ఎగిరి గోడకి తగిలింది. చక్రం ఉత్తినే రెండు చుట్లు తిరిగి ఆగింది. బట్ట తప్ప ఇంకేదీ ముట్టుకోని ఆ కత్తెరకి గంటు పడింది. ఇంకోరోజైతే దానికే ఏడ్చి ఉండేది.

"ఇప్పుడు చెప్పు."

తమ్ముడు ఆ తెగిన తీగ వంకే చూస్తూ మాట్లాడాడు. "పొద్దున వేసుకోమన్నారు. నిద్ర పట్టకపోతేనే అన్నారక్కా. పట్టకపోతేనే."

"పట్టట్లేదని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావు."

"చెబితే ఏం చేశావు?"

"నిద్రమాత్రలు తెచ్చిచ్చాను కదా."

చూశారా, తెచ్చిచ్చాడట. మెడికల్ షాపువాణ్ణి అడిగి చీటీ లేకుండా తెచ్చిచ్చాడు. ఆవిడ వేసుకుంది, పగలు ఇంకా తూలింది. తమ్ముడికి తన మీద ఎంత ప్రేమ అని పొంగిపోయింది కూడా.

"అంటే ఆ చీటీ సంగతి నీకు గుర్తుంది. నిద్రమాత్రలు తెచ్చిచ్చినప్పుడు కూడా గుర్తుంది."

వాడు అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "గుర్తుంది" అన్నాడు.

"మరి ఎందుకురా?"

"పొద్దున ఎలా కుదురుతుందక్కా? పొద్దున నీ మరదలు వంటింట్లో ఉంటుంది. ఇద్దరూ కలిసే తింటారు, కలిసే పనికి పోతారు. రోజూ ఏం మాత్రని అడగదా? రాత్రయితే నీ గదిలో తలుపేసుకుని వేసుకుంటావు, గొడవుండదు. పెళ్ళికి ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు తెలిస్తే దాచి పెళ్ళి చేసుకున్నావని నన్నంటుంది, నీ గ్లాసు వేరే పెడుతుంది, పుట్టింటికి పోతానంటుంది. నీ పరువు కోసమే కదక్కా."

"నా పరువు కోసమా?" కత్తెరక్క గొంతు ఈసారి పెరగలేదు, తగ్గింది. తమ్ముడు అందుకే భయపడ్డాడు. "నీ కాపురం కోసం అను. నన్ను ఏడాదిన్నర కాల్చుకు తిన్నావు. నేను చచ్చిపోతున్నానని అనుకున్నాన్రా. ఆ రాత్రులన్నీ నువ్వు గోడ అవతల హాయిగా పడుకున్నావు."

"మందు మందే కదా, ఏ టైంకి వేసుకుంటే ఏమవుతుందిలే అనుకున్నా."

"ఏమవుతుందా?"

సంచిలోంచి చొక్కా చెయ్యి తీసి వాడి ఒళ్ళో పడేసింది. తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఫ్యాక్టరీ నుంచి అక్క తెచ్చే గుడ్డపీలికలతో వాడు మోటార్లు తుడుస్తుంటాడు, అలాంటిదే అనుకున్నాడు పాపం.

"ఏంటిది?"

"నీ పెళ్ళాం చొక్కా. సోమవారం నేను నిలబడే నిద్రపోయా. కత్తి దాని చేతి మీదికి పోయింది. నీతో చెప్పలేదా? చెప్పదు. నా మీద కేకలేస్తావని చెప్పి ఉండదు. వేరే చొక్కా వేసుకుని ఇంటికొచ్చింది. దానికి తెలియకూడదని నువ్వు చీటీ దాచావు. ఆ దాచినందుకు నీ పెళ్ళానికి చెయ్యి లేకుండా పోయేది. ఇప్పుడు చెప్పు నా పరువు గురించి."

తమ్ముడు ఆ కోత మీద వేలు పెట్టి మణికట్టు దగ్గర నుంచి పైకి నడిపాడు. మోచేతి దాకా వెళ్ళి మళ్ళీ మణికట్టుకి తెచ్చాడు. లెక్కపెట్టి తప్పించుకోవడానికి చుట్లు కూడా లేవు.

కత్తెరక్క లోపలికి వెళ్ళి బటన్ల డబ్బా తెచ్చింది. ఆస్పత్రి డబ్బా మీద పేరుంటుందని, ప్రతిసారీ మాత్రలన్నీ ఆ రేకు డబ్బాలోకి ఒంపుకుని అసలుది దూరంగా పారేసి వస్తుంది. తెల్లటి మాత్రలు, కోటు గుండీల సైజులో ఉంటాయి. పదకొండేళ్ళుగా అలమరలో దారాల మధ్య అది దర్జాగా కూర్చుంది. ఇప్పుడు తెచ్చి మోటార్ల బల్ల నడిమధ్యన పెట్టి మూత తీసేసింది.

"రేపట్నుంచి పొద్దున ఏడింటికి. వంటింట్లో, అందరి ముందూ. దానికి నేనే చెబుతా. పోతానంటే పోనీ, చేతులు రెండూ దక్కించుకుని పోతుంది. ముందు ఆ చీటీ ఇలా ఇవ్వు. రేపు ఫిట్ కాయితం లేకుండా సూపర్‌వైజర్ ముందు నిలబడాలి, ఇవాళ్టి చీటీ చూపిస్తే సోమవారం తర్వాత రాయించుకున్నదంటాడు, కనీసం నేను తాగుబోతుని కాననడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి."

"లేదక్కా."

"చింపేశావా?"

"లేదు, ఒట్టు. చొక్కా జేబులో పెట్టుకున్నా. రెండు రోజుల తర్వాత చూస్తే లేదు. ఎక్కడ పడిపోయిందో తెలీదు."

"చీటీ ఎక్కడా పడిపోలేదు వదినా" అంది గుమ్మం దగ్గర నుంచి మరదలు. "నా దగ్గరుంది."

ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూసుకోలేదు. షిఫ్టు అయ్యే వేళ కాదు. పనిచొక్కాతోనే వచ్చేసింది, తల నిండా తెల్లటి బట్టనూగు. చెప్పులు విప్పింది, లోపలికొచ్చింది, చేతిసంచీలో లోపలి అరలోంచి నాలుగు మడతల కాయితం తీసి బటన్ల డబ్బా పక్కన పెట్టింది. ఒకసారి నీళ్ళలో తడిసి ఆరిన కాయితం, అక్షరాలు సగం వెలిసిపోయాయి. ఊదారంగు ముద్ర మాత్రం నిక్షేపంలా ఉంది.

"చొక్కా ఉతుకుతుంటే దొరికింది. ఏడాదిన్నర అయింది."

కత్తెరక్క గోడకి చెయ్యి ఆనించుకుంది. "చదివావా?"

"చదివా. ఏ జబ్బుకి మందో అందులోనే ఉంది, భయపడ్డా. రెండు రోజులు నీ గ్లాసు వంక చూసుకుంటూ తిరిగా. తర్వాత మందులిచ్చే ఆస్పత్రికే వెళ్ళి అడిగా, కలిసి తింటే రాదన్నారు. అంతటితో భయం పోయింది. నువ్వు చెబుతావని చూశా వదినా. ఒక నెల చూశా. రెండు నెలలు చూశా. రోజూ కత్తి ముందు చేతులు పెట్టి నీ ఎదురుగా నిలబడేదాన్ని, నన్ను నమ్మలేకపోయావా అని కోపం వచ్చింది. అయితే అడిగేదాకా ఇవ్వకూడదనుకున్నా."

"ఆ చీటీలో పొద్దున అని ఉంది కదే."

"ఉంది. రాత్రి వేసుకుంటున్నావని నాకేం తెలుసు? నువ్వు ఎప్పుడు వేసుకునేదీ నాకు చూపించావా? గురక ఆగిపోతే లేచొచ్చి చూశా గానీ, నీ డబ్బాలో ఏముందని చూడలేదు."

ఎవరిని తిట్టాలో కత్తెరక్కకి తెలియలేదు. పొద్దుటి నుంచి మోసుకొచ్చిన కోపం, ఆస్పత్రి మీద కొంత, తమ్ముడి మీద మొత్తం అనుకుని తెచ్చింది. ఇప్పుడది ఇంట్లో అందరికీ సరిపోయేలా ఉంది, తనతో సహా.

తమ్ముడు లేవబోయాడు. "మీరు కూర్చోండి" అంది మరదలు మొగుడి వైపు చూడకుండానే. "మీ సంగతి తర్వాత."

వాడు కూర్చున్నాడు.

మరదలు సంచీలోంచి ఇంకో కాయితం తీసింది. ఇది కొత్తది, రెండు మడతలు. ఫ్యాక్టరీ కాయితమని పైన గీసిన అడ్డగీతలు చెబుతున్నాయి.

"ఇవాళ మధ్యాహ్నం సూపర్‌వైజర్ పిలిచాడు. సోమవారం నువ్వు తాగి వచ్చావని, నాకు నీతో పనిచెయ్యాలంటే భయంగా ఉందని తనే రాసి, కింద సంతకం పెట్టమన్నాడు. రేపటిదాకా ఆగే ఓపిక లేదాయనకి. ఆ కత్తికి ఎవరినో అప్పుడే చూసుకున్నాడు."

కాయితం వెనక వైపు పైకి ఉంది. సిరా ఇవతలికి ఊరింది. అద్దంలో రాతలా తిరగబడి కనపడుతున్నా కత్తెరక్కకి అదొక లెక్కా. మడత బయటికి కనపడేది అడుగు భాగమే, అక్కడున్నది మరదలి సంతకమే.

"పెట్టావా?"

"పెట్టాను. కానీ ఆయన రాసింది కొట్టేసి, పైన నేను రాసి పెట్టాను. ఆయనకి ఒక కాపీ ఇచ్చి వచ్చా."

"ఏం రాశావు?"

మరదలు కాయితం ఆవిడ వైపు జరిపింది. ఏ వైపు నుంచైనా చదవగలిగిన మనిషికి, అందులో జబ్బు పేరు ఉందేమోనని, ఆ మడత విప్పడానికి చెయ్యి రాలేదు.